మిషను మర్చిపోతే...

బీరువా తలుపుకు మడత వేసే యంత్రానికీ జ్ఞాపకం ఉంటుంది. ఏ రేకును ఎంత వంచాలో, ఏ అచ్చు మీద ఎంత బలం పెట్టాలో అన్నీ గుర్తుపెట్టుకుంటుంది. ఓ రోజు పొద్దున్నే అదంతా తుడిచిపెట్టుకుపోతే? ముందే నకలు తీసిపెట్టుకోవడం పది నిమిషాల పని. చిక్కల్లా ఆ పది నిమిషాలు ఎవరివన్న దగ్గరే.

ఇంట్లో ఇనుప బీరువా ఉంటే తలుపు తెరిచి అంచు మీద ఓసారి వేలు పెట్టి చూడండి. కోసుకోదు. రేకు చివరను లోపలికి మడిచేశారు కాబట్టి. కరెంటు మీటరు పెట్టె, లిఫ్టు తలుపు, కూలరు పక్క రేకులు, ఆఫీసులో ఫైళ్ల ర్యాకు, అపార్టుమెంటు సెల్లారులో ఉండే ప్యానెల్ బోర్డు... వీటన్నిటి బలమూ మడతల్లోనే ఉంది. మిల్లీమీటరు మందం రేకును నిలబెడితే ఊగిపోతుంది. అదే రేకును నాలుగు వైపులా వంచితే మనిషి ఆనుకున్నా కదలదు.

ఆ మడతలు వేసేది ప్రెస్ బ్రేక్. పేరులో బ్రేకు ఉంది గానీ బండి బ్రేకుతో దీనికి చుట్టరికం లేదు. షెడ్లలో ఆ పేరు పెద్దగా వినపడదు కూడా. బెండింగ్ మిషన్ అంటేనే అర్థమవుతుంది. హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి పారిశ్రామికవాడల్లో రేకు పని చేసే చిన్నాపెద్దా షెడ్లు ఉన్నాయి. ఒక్క బాలానగర్‌నే చూస్తే, అచ్చులూ పనిముట్లూ తయారు చేయడం నేర్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ, సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్, 1968 నుంచీ అక్కడే ఉంది. ఇనుముతో పనిచేయడం ఆ వీధులకు కొత్త కాదు. కొత్తగా వచ్చిందల్లా ఇనుము పక్కన వేలాడుతున్న తెర.

యంత్రం చూడ్డానికి సులువుగానే ఉంటుంది. కింద ‘వి’ ఆకారంలో గాడి ఉన్న డై. పైన కత్తిలా దిగే పంచ్. మధ్యలో రేకు. నూనె ఒత్తిడితో పంచ్ దిగుతుంది, రేకు గాడిలోకి వంగుతుంది. రేకును ఎంత లోపలికి తోయాలో చెప్పడానికి వెనకవైపు ఒక అడ్డం ఉంటుంది, దాన్ని బ్యాక్‌గేజ్ అంటారు. పాత రోజుల్లో ఈ అడ్డాన్ని స్కేలు పెట్టి కొలిచి, మర తిప్పి బిగించేవారు. పంచ్ ఎంత దిగాలన్నది మేస్త్రీ కంటికీ చేతికీ తెలిసిన విద్య. ఇప్పుడా రెండు పనులూ కంట్రోలర్ చూసుకుంటుంది. నెదర్లాండ్స్‌కు చెందిన డెలెం, స్విట్జర్లాండ్‌కు చెందిన సైబెలెక్, ఇటలీకి చెందిన ఈఎస్ఏ ఈ రంగంలో బాగా తెలిసిన పేర్లు. బెండింగ్ మిషన్‌ను ఒకరు తయారు చేస్తే, దాని బుర్రను మరొకరు ఇస్తారన్నమాట.

వెంట్రుకంత తేడా

అంత బుర్ర అవసరమా అంటే, అవసరమే. ఒక మిల్లీమీటరు రేకును 8 మిల్లీమీటర్ల గాడిలో 90 డిగ్రీలకు వంచుతున్నారనుకోండి. అక్కడ పంచ్ సుమారు 0.07 మిల్లీమీటర్లు ఎక్కువ దిగితే చాలు, కోణం ఒక డిగ్రీ మారిపోతుంది. మన తలవెంట్రుక మందం ఇంచుమించు అంతే. ఒక డిగ్రీయే కదా అనిపిస్తుంది. బీరువా తలుపుకు నాలుగు వైపులా ఒక్కో డిగ్రీ తేడా వస్తే ఆ తలుపు ఫ్రేములో కూర్చోదు. కూర్చున్నా తాళం పడదు.

పైగా ఇనుము మొండిది. వంచి వదిలేస్తే కాస్త వెనక్కి లేస్తుంది. దీన్ని స్ప్రింగ్‌బ్యాక్ అంటారు. 90 కావాలంటే ఇంకొంచెం లోపలికి వంచి వదలాలి. ఆ ‘ఇంకొంచెం’ మామూలు ఇనుప రేకుకు ఒకలా, స్టెయిన్‌లెస్ స్టీలుకు ఒకలా, అల్యూమినియానికి మరోలా ఉంటుంది. పొడవు లెక్కా అంతే. బయటి కొలతల్లో అటు 50, ఇటు 50 మిల్లీమీటర్లు వచ్చేలా 2 మిల్లీమీటర్ల రేకును వంచాలంటే 100 మిల్లీమీటర్ల ముక్క కోస్తే పని చెడుతుంది. వంపు దగ్గర రేకు సాగుతుంది కాబట్టి 96 మిల్లీమీటర్ల పైచిలుకు చాలు. ఆ పైచిలుకు ఎంతన్నది గాడి వెడల్పును బట్టీ, రేకును బట్టీ మారుతుంది.

ఈ లెక్కలన్నీ కంట్రోలర్‌లో ఉంటాయి. బయటినుంచి చూస్తే ఒకటే తెర, ఒకటే పెట్టె. లోపల మాత్రం నాలుగు అరలు.

అన్నిటికంటే అడుగున ఉండేవి యంత్రం సొంత సెట్టింగులు. పంచ్‌ను దించే దూలానికి ఎడమ ఒక సిలిండరు, కుడి ఒక సిలిండరు ఉంటాయి. రెండూ సమానంగా దిగుతున్నాయో లేదో చూసే కొలబద్దలు వేరుగా ఉంటాయి. ఆ కొలబద్దలో సున్నా ఎక్కడ, ఏ వాల్వు ఎంత తెరిస్తే ఎంత వేగం వస్తుంది, బ్యాక్‌గేజ్ ఎక్కడిదాకా వెళ్లవచ్చు, పొడవాటి మడత వేసేటప్పుడు బల్ల నడుము ఎంత కుంగుతుంది, దాన్ని సరిచేయడానికి ఎంత ఎత్తాలి... ఇవన్నీ అంకెలే. యంత్రాన్ని బిగించిన రోజున తయారీదారు మనిషి వచ్చి, గంటల తరబడి కూర్చుని సరిచూసి పెట్టినవి. ఒకే మోడల్ యంత్రాలు రెండు పక్కపక్కనే ఉన్నా ఒకదాని అంకెలు రెండోదానికి సరిపోవు. ఒకే కాన్పులో పుట్టిన కవలలకు కూడా చెప్పుల సైజు వేరుగా ఉండొచ్చు కదా, అలాగన్నమాట.

రెండో అరలో పనిముట్ల జాబితా ఉంటుంది. ఏ పంచ్ ఎత్తెంత, మొన ఎంత గుండ్రం, ఏ డై గాడి ఎంత వెడల్పు, ఎంత బరువు మోయగలదు అన్నవి. మూడోది రేకుల పట్టిక. దేనికి ఎంత బలం కావాలి, ఏది ఎంత వెనక్కి లేస్తుంది అన్న లెక్క. నాలుగోది అన్నిటికంటే పైన ఉండేది, రోజూ కనపడేది. షెడ్డు ఇప్పటిదాకా చేసిన వస్తువుల ప్రోగ్రాములు. మీటరు పెట్టెకు ఏ మడత ముందు, ఏది తర్వాత, ఎక్కడ రేకు తిప్పాలి అన్నదంతా ఇందులోనే.

నకలు తీశామని చెప్పేవాళ్లలో ఈ నాలుగో అర ఒక్కటే తీసి ఊరుకున్నవాళ్లు ఉంటారు. ప్రోగ్రాములు పోతే నష్టం రోజుల్లో ఉంటుంది, డ్రాయింగులు దగ్గర పెట్టుకుని మళ్లీ రాసుకోవచ్చు. మొదటి అర పోతే యంత్రమే లేవదు.

సంక్రాంతి మర్నాడు

ఓ షెడ్డు అనుకుందాం. రెండు యంత్రాలు, ఎనిమిది మంది పనివాళ్లు. సంక్రాంతికి అందరూ ఊళ్లకు వెళ్లారు. షెడ్డుకు వారం రోజులు తాళం. పోయేటప్పుడు మెయిన్ స్విచ్ కట్టేసి వెళ్లారు, అది మంచి అలవాటే. తిరిగొచ్చి స్విచ్ వేస్తే తెర వెలిగింది గానీ, అంకెలుండాల్సిన చోట సున్నాలున్నాయి.

“ఏమైందన్నా, ఏమన్న నొక్కినవా?” అని యజమాని అడుగుతాడు.

“నేను ముట్టలే సార్. పండుగకు ముందు మంచిగనే ఉండె” అంటాడు మేస్త్రీ.

ఇద్దరి తప్పూ లేదు. పాతకాలపు కంట్రోలర్లు చాలావాటిలో సెట్టింగులు ఉండే మెమరీకి నిత్యం కాస్త కరెంటు కావాలి. యంత్రం నడుస్తున్నంతసేపూ అది మెయిన్ నుంచే అందుతుంది. కట్టేసినప్పుడు ఆ భారం లోపలున్న చిన్న బ్యాటరీ మీద పడుతుంది. గోడగడియారంలో బ్యాటరీ అయిపోతే ముల్లు ఆగిపోయి మనకు తెలుస్తుంది. దీనికి అలాంటి ముల్లు లేదు. యంత్రం రోజూ నడుస్తుంటే బ్యాటరీ చచ్చిపోయిన సంగతే బయటపడదు. ఒక రాత్రికి సరిపడా ప్రాణం ఉన్న బ్యాటరీ వారం సెలవులకు నిలవదు. 2012లో ఉమ్మడి రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడేలు పెట్టిన రోజులూ, 2020 మార్చి 25న మొదలైన లాక్‌డౌన్ వారాలూ ఈ రకం మెమరీకి గడ్డు పరీక్షలే. పనిచేసే యంత్రం కంటే పడుకున్న యంత్రానికే మతిమరుపు ఎక్కువ.

ఇక్కడ తెలియక చేసే పొరపాటు ఒకటుంది. బ్యాటరీ పాతబడిందని యంత్రం కట్టేసి, పాతది తీసి, కొత్తది పెట్టడం. టార్చిలైటుకైతే సరే. ఇలాంటి మెమరీ ఉన్న కంట్రోలర్లలో ఆ పాత బ్యాటరీ తీసిన క్షణంలోనే అంతా పోవచ్చు. కొన్నింటిలో కరెంటు ఉండగానే మార్చాలి, కొన్నింటిలో ఫలానా నిమిషాల్లోపు మార్చాలి. ఏది ఎలాగన్నది ఆ యంత్రం పుస్తకంలోనే ఉంటుంది. కరెంటు ఉన్న పెట్టెలో చెయ్యి పెట్టాల్సిన పని కాబట్టి తెలిసిన ఎలక్ట్రీషియనే చేయాలి. పుస్తకం ఎక్కడుందంటారా? చాలాసార్లు యంత్రం వచ్చిన చెక్కపెట్టెతోపాటే పోయి ఉంటుంది.

కొత్త కంట్రోలర్లకు ఈ బెడద తక్కువ. వాటిలో కరెంటు లేకపోయినా నిలిచే ఫ్లాష్ మెమరీ ఉంటుంది. అలాగని నిశ్చింత లేదు. ఆ మెమరీ కూడా రాసీ రాసీ అరుగుతుంది. ఉరుములతో వచ్చే వానకు వోల్టేజి ఎగిసిపడితే బోర్డే పోతుంది. అసలు తిరకాసు వయసులో ఉంది. యంత్రం ఇనుప దేహం ఇరవై ముప్పై ఏళ్లు దర్జాగా పనిచేస్తుంది. దాని బుర్ర ముసలితనం మాత్రం కంప్యూటర్ల ముసలితనంలా త్వరగా వస్తుంది. ఫ్లాపీలో నకలు తీసుకునే కంట్రోలర్లు ఒకప్పుడు వచ్చాయి. ఆ ఫ్లాపీల అమ్మకాన్ని సోనీ 2011లో జపాన్‌లో ఆపేసింది. ఇంట్లో కంప్యూటరు పాతబడితే మార్చేస్తాం. లక్షలు పోసి కొన్న బెండింగ్ మిషన్‌ను అలా మార్చలేరు. ఇప్పటికీ ఫ్లాపీతోనే నడుస్తున్న యంత్రం ఎవరిదైనా ఉంటే, ఆ పాత ఫ్లాపీ చదవగలిగే కంప్యూటరు దొరికినప్పుడే దాన్ని కొత్త చోటికి ఎక్కించి పెట్టుకోవాలి.

సున్నాలు కనపడిన షెడ్డులో ఆ తర్వాత జరిగేది ఊహించడం కష్టం కాదు. తయారీదారుకు ఫోను. వాళ్ల మనిషి ఏ పుణెలోనో అహ్మదాబాద్‌లోనో ఉంటాడు. అతను రావాలి, సున్నా ఎక్కడో మళ్లీ వెతకాలి, ఎడమా కుడీ సమానం చేయాలి. ఆర్డరిచ్చినవాళ్లు ఆగరు, పక్క షెడ్డు తలుపు తడతారు. పనిదినాన్ని బట్టి కూలి తీసుకునేవాళ్లకు ఆ రోజులు కూలి లేని రోజులు. చిన్న షెడ్డులో ఒక యంత్రం ఆగడమంటే ఎనిమిది ఇళ్లలో లెక్క మారడమే.

సగం జ్ఞాపకం ఇంకా ప్రమాదం

పూర్తిగా మర్చిపోయిన యంత్రం ఒక రకంగా నయం. కదలదు కాబట్టి ఎవరికీ దెబ్బ తగలదు. తప్పుగా గుర్తున్న యంత్రంతోనే భయం.

105 మిల్లీమీటర్ల ఎత్తున్న పంచ్‌ను కంట్రోలర్ 67 మిల్లీమీటర్లు అనుకుందనుకోండి. పంచ్ మొన నిజంగా ఉన్నచోటికంటే 38 మిల్లీమీటర్లు పైన ఉందని దాని లెక్క. అందుకని రేకు దగ్గరకు రాగానే నెమ్మదించాల్సింది నెమ్మదించదు. వేగంగానే వచ్చి గుద్దుతుంది. గాడి వెడల్పు విషయంలో కూడా ఇంతే. 2 మిల్లీమీటర్ల మామూలు ఇనుప రేకును మీటరు పొడవున 16 మిల్లీమీటర్ల గాడిలో వంచడానికి సుమారు 16 నుంచి 17 టన్నుల బలం కావాలి. గాడి 8 మిల్లీమీటర్లదైతే బలం రెట్టింపు కావాలి. పట్టికలో 16 అని ఉండి, బల్ల మీద 8 గాడి డై బిగించి ఉంటే పంచ్ వెళ్లకూడనంత లోతుకు వెళ్లబోతుంది. గట్టిదనం ఎక్కించిన ఉక్కు వంగదు, పగులుతుంది. ఆ ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేం. ఎదురుగా నిలబడేది మనిషి.

పాత నకలును ఏమరుపాటుగా ఎక్కించినా ఇదే జరగొచ్చు. రెండేళ్ల కిందట తీసిన నకలు. మధ్యలో కొలబద్ద మార్చారు, కొత్త పంచ్‌లు కొన్నారు, సర్వీసు మనిషి సున్నా సరిచేశాడు. ఆ సంగతులేవీ ఆ నకలుకు తెలియవు. నకలు ఉండటం ఎంత ముఖ్యమో, అది ఏ తేదీదో తెలియడం అంత ముఖ్యం. సర్వీసు మనిషి వచ్చి వెళ్లిన ప్రతిసారీ, ఇంకా చెప్పాలంటే అతను గేటు దాటకముందే, కొత్త నకలు తీయించుకోవాలి. అతను అంకెలు మార్చేముందు ఒకటి, మార్చాక ఒకటి తీస్తే మరీ మంచిది.

తీసే పద్ధతి పెద్ద విద్యేం కాదు. నేటి కంట్రోలర్లలో బ్యాకప్ అనే మీట ఉంటుంది. పెన్‌డ్రైవ్ గుచ్చి ప్రోగ్రాములు, పనిముట్లు, పట్టికలు విడివిడిగా ఎంచుకుని కాపీ కొట్టాలి. యంత్రం సొంత సెట్టింగులు మాత్రం పాస్‌వర్డ్ వెనక ఉంటాయి. పెన్‌డ్రైవ్ విషయంలో ఒక జాగ్రత్త. పాటలూ పెళ్లి ఫొటోలూ ఉన్నది, ఊరంతా కంప్యూటర్లు తిరిగొచ్చినది పెట్టకూడదు. కొన్ని కంట్రోలర్ల లోపల ఉన్నది విండోసే. వైరస్ అంటుకోవడానికి ఆఫీసు కంప్యూటరేమిటి, అదేమిటి? విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్‌లోనే ఆగిపోయింది. ఆ కాలం యంత్రాలకు మందు దొరకదు, పథ్యం ఒక్కటే దిక్కు. పెద్ద సైజు పెన్‌డ్రైవ్‌లను పాత కంట్రోలర్లు గుర్తుపట్టవు కూడా. చిన్న సైజుది ఒకటి ఈ పనికే కేటాయించి, దానికి యంత్రం పేరు రాసిన చీటీ అంటించాలి.

అసలు బ్యాకప్ సౌకర్యమే లేని పాతది అయితే? సెట్టింగుల తెరలు ఒక్కొక్కటే తెరిచి సెల్‌ఫోనుతో ఫొటోలు తీసుకోవడం. నామోషీ ఏమీ లేదు. సున్నాలు కనపడిన రోజున ఆ యాభై ఫొటోలే దేవుళ్లు. అయితే అవి మేస్త్రీ ఫోనులోనే ఉండిపోకూడదు, అదొక్కటే షరతు.

బొమ్మల సినిమా కథ

నకలు ఎక్కడ ఉండాలన్నదానికి రేకులతో సంబంధం లేని ఓ కథ ఉంది. అమెరికాలో పిక్సార్ సంస్థ 1998లో ‘టాయ్ స్టోరీ 2’ తీస్తోంది. ఎవరో కంప్యూటర్‌లో ఫైళ్లు తుడిచేసే ఆదేశం పొరపాటున ఇచ్చారు. బొమ్మలు ఒక్కొక్కటే కళ్లముందే మాయమయ్యాయి. ఫర్వాలేదు, నకళ్లున్నాయి కదా అనుకున్నారు. చూస్తే ఆ నకళ్లు కొంతకాలంగా సరిగ్గా పడటమే లేదు. ఎవరూ గమనించలేదంతే. చివరికి ఆదుకున్నది గేలిన్ సస్మన్ అనే సాంకేతిక నిపుణురాలి ఇంట్లో ఉన్న కంప్యూటరు. పసిబిడ్డ తల్లి కావడంతో ఆమె ఇంటినుంచి పని చేస్తూ సినిమా కాపీ దగ్గర పెట్టుకున్నారు. ఆ కంప్యూటరును దుప్పట్లలో చుట్టి కారులో స్టూడియోకు తెచ్చారు.

ఇందులో రెండు సంగతులున్నాయి. కాపీ ఆఫీసులో కాకుండా ఇంట్లో ఉండటం వల్ల పనికొచ్చింది. ఆఫీసులో ఉన్న కాపీని ఎవరూ తిరిగి ఎక్కించి చూడకపోవడం వల్ల అది అక్కరకు రాలేదు. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 లెక్క కూడా దాదాపు ఇదే చెబుతుంది. మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి వేరే ఊళ్లోనో వేరే ఇంట్లోనో. 2020 అక్టోబరులో హైదరాబాద్‌ను, 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన నీళ్లు చూసినవాళ్లకు ఆ మూడోది ఎందుకో విడమరచి చెప్పనక్కర్లేదు. యంత్రమూ, దాని పక్క గదిలోని ఆఫీసు కంప్యూటరూ ఒకేసారి మునుగుతాయి.

మేస్త్రీ గీతలు

ఇప్పటిదాకా చెప్పినవన్నీ యంత్రంలో ఉన్న అంకెలు. షెడ్డులో ఇంకా కొన్ని అంకెలుంటాయి. యంత్రం పక్క రేకు మీద మార్కరుతో గీసినవి, డ్రాయింగు మూలన పెన్సిలుతో రాసినవి, మేస్త్రీ జేబులోని చిన్న నోటుబుక్కులో ఉన్నవి. ‘ఎస్.ఎస్. 1.2కు ఒకటిన్నర కలుపు’, ‘ఎడమ చివర కొంచెం తక్కువ’ వంటివి. తెర మీద పట్టిక ఏం చెప్పినా, నిజంగా వస్తువు సరిగ్గా రావాలంటే ఏం చేయాలో ఏళ్ల తరబడి రేకులు పాడు చేసుకుని నేర్చుకున్న సంగతులు. వీటి బ్యాకప్‌కు మీట లేదు.

ఆ అంకెల్ని కంట్రోలర్‌లో ఎక్కించమంటే ఏ మేస్త్రీ అయినా వెనకాడితే ఆశ్చర్యం లేదు. అతని జీతం పెరగడానికీ, ‘ఈయన లేకపోతే పని నడవదు’ అనిపించుకోవడానికీ ఆధారం అవే. అవన్నీ పెన్‌డ్రైవ్‌లోకి వెళ్లిపోయాక తనకంటే తక్కువ జీతానికి ఇంకో కుర్రాణ్ని నిలబెడతారేమోనన్న అనుమానం సహజం. అందులో సగమే నిజం. ఎందుకంటే అంకె శాశ్వతం కాదు. మిల్లు నుంచి వచ్చే ప్రతి రేకు చుట్టకూ గట్టిదనం కాస్త మారుతుంది. 1.2 మిల్లీమీటర్లని బిల్లులో ఉన్న రేకు కొలిస్తే కొంచెం తక్కువ తూగుతుంది. రేకు చుట్టిన దిశలో వంచితే ఒక కోణం, అడ్డంగా వంచితే మరో కోణం. రాసిపెట్టిన అంకె దగ్గర్నుంచి మొదలుపెట్టి, మొదటి ముక్కను చూసి, ఎంత మార్చాలో చెప్పేది మళ్లీ ఆ చెయ్యే.

మిగతా సగం నిజమే. ఆ సగానికి యజమాని దగ్గర జవాబుండాలి. ఇరవై ఏళ్ల అనుభవాన్ని ‘కాస్త ఎక్కించు’ అని సాయంత్రం ఆరింటికి ఉత్తపుణ్యానికి అడిగితే రాదు, రాకూడదు కూడా. పని గంటల్లో దానికి సమయం ఇవ్వాలి. ఆ పనికి డబ్బివ్వాలి. ప్రోగ్రాము పేరు పక్కన చేసినవారి పేరు పడనివ్వాలి. పని నేర్చుకునే కుర్రాడిని పక్కన కూర్చోబెట్టి, మేస్త్రీ చెబుతుంటే అతను ఎక్కించేలా చేస్తే ఇద్దరికీ మేలు. కుర్రాడికి అంకెతోపాటు అది ఎందుకన్నది కూడా తెలుస్తుంది. ఆ ‘ఎందుకు’ ఏ పెన్‌డ్రైవ్‌లోనూ పట్టదు.

పాస్‌వర్డ్ సంగతి దీనికి తలకిందులు. అక్కడ గుట్టు దాచేది తయారీదారు. ఎవరుపడితే వాళ్లు వాల్వుల అంకెలు కెలికితే ప్రమాదం కాబట్టి తాళం వేయడంలో న్యాయం ఉంది. కానీ ఆ కంపెనీ మూతపడినా, యంత్రం సెకండ్‌హ్యాండ్‌లో చేతులు మారినా ఆ తాళం తీసేవాళ్లు ఉండరు. అందుకే కొనేటప్పుడే, డబ్బంతా చేతులు మారకముందే, సెట్టింగుల నకలూ బిగించిన రోజున రాసిన కాగితమూ ఇమ్మని అడగాలి. పాస్‌వర్డ్ ఇవ్వకపోయినా నకలు ఇవ్వడానికి అభ్యంతరం ఉండక్కర్లేదు. సెకండ్‌హ్యాండ్ యంత్రం చూడ్డానికి వెళ్లినప్పుడు నూనె కారుతోందా అని కిందికి వంగి చూస్తాం. సెట్టింగుల కాగితం ఉందా అని కూడా అడగాలి.

మరి ఆ పది నిమిషాలు ఎవరివి? మేస్త్రీకి వంచే పనుంటుంది. యజమాని ఆర్డర్ల కోసం తిరుగుతుంటాడు. చిన్న షెడ్లలో లెక్కలు చూసే మనిషి ఒకరుంటారు. కొన్నిచోట్ల ఇంటి ఇల్లాలే ఆ పని చూస్తారు. నెల చివర్లో బిల్లులు సర్దేటప్పుడు పెన్‌డ్రైవ్ అడిగి తెప్పించుకుని, తేదీ పేరుతో ఫోల్డరు పెట్టి కంప్యూటర్‌లో ఒకటీ, మెయిల్‌లో ఒకటీ దాచడం వాళ్ల చేతిలో అయితేనే క్రమం తప్పదు. వాళ్లకు బెండింగ్ తెలియాల్సిన పనిలేదు. ఫోల్డరులో ఫైళ్లున్నాయా, సైజు సున్నా కాకుండా ఉందా, కిందటి నెల కంటే హఠాత్తుగా చిక్కిపోయిందా అన్నది చూస్తే చాలు. అది చిక్కిపోతే ఏదో సరిగ్గా పడలేదన్నమాట.

ఇక నకలు నిజంగా పనిచేస్తుందో లేదో చూడ్డానికి ఏడాదికో రోజు కావాలి. దసరాకు ఆయుధపూజ ఎలాగూ ఉంది. యంత్రాన్ని తుడిచి, పసుపు కుంకుమలు పెట్టడానికి ఎలాగూ పని ఆపుతారు. పూజకు ముందు రోజు ఆ పని పెట్టుకోవచ్చు. ప్రోగ్రాములు, పనిముట్ల జాబితా వరకైతే తయారీదారు ఇచ్చే ఆఫ్‌లైన్ సాఫ్ట్‌వేర్ ఉన్నచోట ఆఫీసు కంప్యూటర్‌లోనే తెరిచి చూసుకోవచ్చు. మొదటి అరలోని సెట్టింగులను మాత్రం సరదాకి తిరిగి ఎక్కించకూడదు. అది సర్వీసు మనిషి ఉన్నప్పుడే, అప్పటికప్పుడు తాజా నకలు తీశాకే.

ఎక్కించిన తర్వాత తొందరపడకూడదు. ముందు ఎమర్జెన్సీ మీట నొక్కితే ఆగుతోందా, ఎదుట చెయ్యి అడ్డొస్తే ఆపాల్సిన లైట్ గార్డు ఆపుతోందా చూడాలి. తెర మీద చూపిస్తున్న పంచ్, డై బల్ల మీదవేనా అని ఎత్తూ గాడీ కొలిచి సరిపోల్చాలి. రేకు లేకుండా నెమ్మది వేగంలో ఓసారి దించి, ఎడమా కుడీ సమానంగా వస్తున్నాయో కంటితో చూడాలి. ఆ తర్వాత ఒకే రేకు నుంచి కోసిన తుక్కు ముక్కలు మూడు తీసుకుని, ఎడమ చివర ఒకటి, నడుమ ఒకటి, కుడి చివర ఒకటి పెట్టి ఒకేసారి వంచాలి. మూడింటినీ మూలమట్టంతో, షెడ్లలో అయితే గునియాతో, పట్టి చూడాలి. మూడూ ఒకలాగే ఉంటే మేస్త్రీ అసలు రేకు తెమ్మంటాడు. నడుమ ముక్క కోణం కాస్త విచ్చుకుని ఉంటే, మళ్లీ ఆ నడుము లెక్క దగ్గరికి వెళ్లాలి.